ఎనిమిది గంటల దీవి

క్రూయిజ్‌కి వెళ్ళొచ్చామంటే తెలిసినవాళ్ళు రెండు ప్రశ్నలు అడుగుతారు. మొదటిది, "వెజ్ దొరికిందా?" రెండోది, "దిగి ఏమేం చేశారు?" మొదటిదానికి జవాబు తేలిక. దొరికింది, తినగలిగినదానికంటే ఎక్కువే దొరికింది. రెండోదానికి మాత్రం నా దగ్గర చెప్పుకోదగ్గ జాబితా లేదు. స్నార్కెలింగ్ చెయ్యలేదు. జిప్‌లైన్ ఎక్కలేదు. స్టింగ్‌రే చేపలతో ఈదలేదు. "మరి అంత డబ్బు పోసి వెళ్ళి ఏం చేసినట్టు?" అన్నారు మా బావగారు. ఆయనకి ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయిన జవాబే ఇది. కాస్త పొడుగైంది.

ముందు వివరాలు. పోర్టోరికోలోని శాన్ హువాన్ నుంచి ఏడు రాత్రుల ప్రయాణం. సెయింట్ థామస్, ఆంటిగ్వా, సెయింట్ లూసియా, బార్బడోస్. మిగతాదంతా సముద్రం మీదే. నేను, మా ఆవిడ, ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ. అమ్మకి డెబ్భై దాటాయి, మోకాళ్ళు సహకరించవు. అమెరికాలో ఉన్న మనవాళ్ళ ఇళ్ళకి అమ్మానాన్నలు వచ్చినప్పుడు నయాగరా, వేగస్ అయ్యాక మూడో మజిలీ క్రూయిజే అవడానికి కారణం కూడా అదే అనుకుంటాను. సూట్‌కేసు ఒక్కసారి విప్పితే చాలు, రోజుకో దేశం మన కిటికీ దగ్గరికి వచ్చి ఆగుతుంది.

ఆగేది ఎనిమిది గంటలు. కొన్నిచోట్ల తొమ్మిది. పొద్దున్న ఎనిమిదింటికి ఓడ రేవులో కడతారు, సాయంత్రం ఐదింటికి విప్పుతారు. ప్రయాణికులందరూ అరగంట ముందే ఎక్కేయాలి. దిగేటప్పటి క్యూ, ఎక్కేటప్పటి సెక్యూరిటీ, మధ్యలో భోజనం తీసేస్తే చేతికి మిగిలేది ఆరు గంటలు. ఆ ఆరు గంటల్లో ఏం చెయ్యాలో ఓడ కంపెనీ యాప్ చెప్తుంది. దీవి పేరు నొక్కగానే జాబితా తెరుచుకుంటుంది. కాటమరాన్ మీద విహారం, బీచ్‌లో సగం రోజు, నాలుగు చక్రాల బండి మీద కొండ ఎక్కడం, రమ్ రుచి చూడటం, షాపింగ్. ప్రతిదాని పక్కనా ధర, వ్యవధి, నడక ఎంత కష్టమో చెప్పే మనిషి బొమ్మ.

నాలుగు దీవుల జాబితాలూ నేను వరసగా చదివాను. ఉద్యోగరీత్యా వచ్చిన రోగం, రెండు ఫైళ్ళు కనిపిస్తే తేడాలు వెతకడం. తేడాలు పెద్దగా లేవు. పేర్లు చెరిపేసి కలిపేస్తే ఏది ఏ దీవిదో చెప్పలేం. 280 చదరపు కిలోమీటర్ల ఆంటిగ్వా, 430 చదరపు కిలోమీటర్ల బార్బడోస్, రెండూ ఒకే టెంప్లేట్‌లో పోసిన డేటాలా ఉన్నాయి. "ఏం చెయ్యాలి" అన్న జాబితాలో ఆ ఊళ్ళో మనుషులు ఏం చేస్తుంటారు అన్నది ఒక్క వరుసలోనూ లేదు. వాళ్ళు డ్రైవర్లుగా, గైడ్లుగా, రమ్ పోసేవాళ్ళుగా మాత్రమే ఉన్నారు.

*

నాతో రెండు పుస్తకాలు, ఒక వ్యాసం తీసుకెళ్ళాను. వ్యాసం డేవిడ్ ఫాస్టర్ వాలెస్‌ది. హార్పర్స్ పత్రిక పంపిస్తే 1995లో ఆయన ఏడు రాత్రుల కరీబియన్ క్రూయిజ్‌కి వెళ్ళి, 1996 జనవరి సంచికలో రాశాడు. తర్వాత ఆయన వ్యాస సంపుటికి పేరైంది కూడా అదే. క్రూయిజ్ గురించి ఇంగ్లిష్ సాహిత్యంలో మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ మొదట చెప్పే పేరు అది. ఓడ మనల్ని ఎలా పసిపిల్లల్ని చేసేస్తుందో, తువ్వాలు ఎవరు ఎప్పుడు మార్చారో తెలియకపోవడంలో ఉన్న వింత భయమేమిటో ఆయన రాసినట్టు ఇంకెవరూ రాయలేదు. మూడోసారి చదివినప్పుడు కూడా పడీ పడీ నవ్వాను. కానీ ఈసారి ఓడలో కూర్చుని చదువుతుంటే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది. అంత పెద్ద వ్యాసంలో దీవులు దాదాపు లేవు. ఆయన చాలావరకు ఓడ దిగనే లేదు. కరీబియన్ అంటే ఓడ రెయిలింగ్ అవతల కనిపించే దృశ్యం, అంతే.

పుస్తకాల్లో మొదటిది జమైకా కిన్‌కెయిడ్ 1988లో రాసిన 'ఎ స్మాల్ ప్లేస్'. వందకి లోపు పేజీలు. ఆవిడ 1949లో ఆంటిగ్వా రాజధాని సెయింట్ జాన్స్‌లో పుట్టింది. ఈ పుస్తకం రెయిలింగ్‌కి అటువైపు నుంచి రాసినది. విమానం దిగిన టూరిస్టుని నేరుగా పట్టుకుని "యూ" అని మొదలుపెడుతుంది, ఊపిరి పీల్చుకోనివ్వదు. నువ్వు ఈదుతున్న ఆ నీళ్ళలోకి ఏం కలుస్తుందో తెలుసా, నీ హోటల్లో కుళాయి తిప్పితే నీళ్ళొస్తున్నాయి కదా, ఈ దీవిలో వానలు పడవని తెలుసా అంటూ.

ఆ "యూ"ని తెలుగులోకి ఎలా తేవాలన్నది రెండు రోజులు నా బుర్ర తిన్న సమస్య. అనువదించే పని ఎవరూ నాకు అప్పజెప్పలేదు, ఊరికే. "నువ్వు" అంటే కోపం వస్తుంది గానీ, మర్యాద ముసుగు పోతుంది. "మీరు" అంటే హోటల్ రిసెప్షన్లో వినబడే గొంతు వస్తుంది, అందులో కోపం దాచుకోవాలి. ఇంగ్లిష్‌లో ఆ రెండూ ఒకే మాటలో ఉన్నాయి. తెలుగులో మనం ఎంచుకోక తప్పదు. నాకైతే "మీరు" అనే అనిపించింది. టూరిస్టుని ఆ దీవిలో ఎవరూ "నువ్వు" అనరు. అనలేకపోవడమే ఆ పుస్తకం.

కిన్‌కెయిడ్ చెప్పేవాటిలో నాకు బాగా నాటుకున్నది తిట్లు కాదు, ఒక మామూలు గమనిక. ప్రతి టూరిస్టూ ఎక్కడో ఒకచోట స్థానికుడే, ప్రతి స్థానికుడికీ తన ఊరి విసుగు నుంచి కొన్నాళ్ళు బయటపడాలనే ఉంటుంది, కాకపోతే చాలామంది దగ్గర డబ్బుండదు అంటుంది. నేను పెరిగింది రాజమండ్రిలో. పాపికొండలకి వెళ్ళే బోట్లు, వాటిమీద స్పీకర్లు, డాన్సులు చూస్తూ పెరిగాను. బోటు పేరంటాలపల్లి దగ్గర ఆగుతుంది. కొండరెడ్లు వెదురుతో చేసిన బొమ్మలు అమ్ముతారు. మనం ఒకటి కొని, ఫోటో తీసుకుని, హారన్ మోగగానే పరిగెత్తుతాం. ఆ హారన్‌కీ ఓడ హారన్‌కీ శబ్దంలోనే తేడా. పోలవరం నీళ్ళు నిండితే ఆ చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళు మునుగుతాయి. బోట్లో పాడే పాటల మధ్య ఆ సంగతి ఎవరూ మైకులో చెప్పరు.

*

సెయింట్ థామస్ గురించి తొందరగా చెప్పేస్తాను, ఆ దీవి కూడా మమ్మల్ని తొందరగానే పంపించేసింది. అది అమెరికా భూభాగం. 1917లో డెన్మార్క్ దగ్గర రెండున్నర కోట్ల డాలర్ల బంగారం ఇచ్చి కొన్నారు. అమెరికాలో ఎడమవైపు బండి నడిపేది ఇక్కడే. మెయిన్ స్ట్రీట్ నిండా నగల దుకాణాలు, వాటిలో చాలావాటి కౌంటర్ల వెనక సింధీలు. అమ్మ చీర చూసి హిందీలో పిలిచి, మంచినీళ్ళిచ్చి, వజ్రాలు చూపించారు. ఆ దుకాణాల వరసలోనే ఒక మేడ ముందు ఆగాం. ఇంప్రెషనిస్టు చిత్రకారుడు కమీల్ పిసారో 1830లో పుట్టింది ఈ వీధిలోనే. పారిస్ వెలుగునీ మంచునీ గీసిన మనిషి మొదట చూసిన వెలుగు ఈ వీధిది. ఓడ యాప్‌లో ఆ ఇల్లు లేదు. టికెట్టు లేని చోటు యాప్‌లో ఉండదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర వెయిటర్ మా మాటలు విని ఆగిపోయాడు. "సార్, మీరు తెలుగేనాండీ?" పాతికేళ్ళుంటాయి. విశాఖపట్నం, గాజువాక. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, ఈ ఓడలోనే రెండో కాంట్రాక్టు చేస్తున్నాడు. ఒక్కో కాంట్రాక్టు తొమ్మిది నెలలు.

"అంత దూరం నుంచి వచ్చావా నాయనా!" అంది అమ్మ.

"మీరూ అంత దూరం నుంచే వచ్చారు కదమ్మా," అన్నాడు నవ్వుతూ. "రేపట్నుంచి మీకు టమాటా పప్పు పెట్టిస్తానండి. మెనూలో ఉండదు, అడిగితే చేస్తారు."

అతను మమ్మల్ని మీరు అంటాడు, అమ్మ అతన్ని నువ్వు అంటుంది. అది మన వయసుల లెక్క, అందులో తప్పు లేదు. కిన్‌కెయిడ్ చదువుతూ ఉండటం వల్ల నా చెవి అక్కడ ఆగింది.

ఆంటిగ్వాలో 365 బీచ్‌లున్నాయని, రోజుకొకటి చొప్పున ఏడాది పడుతుందని రేవులో దిగగానే చెప్తారు. మేం ఊళ్ళోకి నడిచాం. క్రికెట్ తెలిసినవాళ్ళకి ఇది తీర్థయాత్ర. రేవుకి నడిచేంత దూరంలో ఆంటిగ్వా రిక్రియేషన్ గ్రౌండ్. 1986లో వివ్ రిచర్డ్స్ సొంత ఊరి జనం ముందు ఇంగ్లండ్ మీద 56 బంతుల్లో టెస్టు సెంచరీ కొట్టింది ఇక్కడే. బ్రయాన్ లారా 1994లో 375, 2004లో 400 నాటౌట్ కొట్టింది కూడా ఇక్కడే. రెండు ప్రపంచ రికార్డులు ఒకే పిచ్ మీద. గేటు సందులోంచి చూస్తే మామూలు గడ్డి, మామూలు స్టాండ్. మా ఆవిడ "దీనికోసమా" అన్నట్టు చూసింది. దీనికోసమే.

కిన్‌కెయిడ్ పుస్తకంలో ఒక గ్రంథాలయం ఉంది. 1974 భూకంపంలో దెబ్బతింది, మరమ్మతులు చేస్తాం అని బోర్డు పెట్టారు, ఏళ్ళు గడిచినా బోర్డు మాత్రమే మిగిలింది. చిన్నప్పుడు తను పుస్తకాలు చదువుకున్న ఆ భవనం గురించి రాసేటప్పుడు ఆవిడ కోపం దుఃఖంగా మారుతుంది. కొత్త గ్రంథాలయం చివరికి 2014లో తెరిచారు. నలభై ఏళ్ళు. ఈ సంగతి అమ్మకి చెప్తే, అంతసేపూ బీచ్ గురించిగానీ క్రికెట్ గురించిగానీ పట్టించుకోని మనిషి, "అయ్యో, నలభై ఏళ్ళా! మరి పిల్లలు ఎక్కడ చదువుకున్నారు?" అంది. అమ్మ పుట్టిల్లు వేటపాలెం. 1918లో పెట్టిన సారస్వత నికేతనం ఉన్న ఊరు. పెళ్ళయ్యేదాకా సెలవల్లో అక్కడే కూర్చుని చదువుకునేదట. ఒక దీవి మీద అమ్మకి కలిగిన మొదటి ఆసక్తి అది.

*

సెయింట్ లూసియా దగ్గరికి వచ్చేసరికి నా రెండో పుస్తకం బయటికి తీశాను. డెరెక్ వాల్కాట్ 1990లో రాసిన 'ఒమెరోస్'. హోమర్ వీరుల పేర్లు పెట్టుకున్న బెస్తవాళ్ళ కథ, పుస్తకమంత పొడుగు కవిత. అది మొదలవడమే టూరిస్టులతో మొదలవుతుంది. ఫిలోక్టీట్ అనే బెస్తవాడు పడవల కోసం చెట్లు ఎలా కొట్టామో కెమెరాలు పట్టుకున్నవాళ్ళకి చెప్తుంటాడు. ఇంకొంచెం డబ్బిస్తే కాలి మీద గాయం మచ్చ కూడా చూపిస్తాడు. దానికి మందు ఏమిటో మాత్రం చెప్పడు. ఒక ఇతిహాసాన్ని ఇంతకంటే సూటిగా మొదలుపెట్టిన వాళ్ళని నేను చదవలేదు. దీవి ఏం అమ్ముతుందో, ఏం దాచుకుంటుందో మొదటి పేజీలోనే గీత గీసేశాడు.

అందరూ వెళ్ళేది సూఫ్రియర్ వైపు. సముద్రంలోంచి నిటారుగా లేచే రెండు పిటాన్ శిఖరాలు చూడటానికి. 2004 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం. మలుపుల రోడ్డు మీద బస్సులో వెళ్ళి రావడానికే రోజు సరిపోతుంది. అమ్మ మోకాళ్ళు దానికి ఒప్పుకోలేదు. మేం రాజధాని క్యాస్ట్రీస్‌లోనే ఉండిపోయాం. పిటాన్లు చూడనందుకు నాకు ఇప్పటికీ కొంచెం వెలితిగానే ఉంది, లేదని ఎందుకు చెప్పాలి.

ఊరి మధ్యలో డెరెక్ వాల్కాట్ స్క్వేర్. ఒకప్పుడు దాని పేరు కొలంబస్ స్క్వేర్. 1992లో వాల్కాట్‌కి నోబెల్ వచ్చాక మార్చారు. లోపల రెండు విగ్రహాలు. ఒకటి వాల్కాట్‌ది, రెండోది ఆర్థర్ లూయిస్‌ది. ఆయనకి 1979లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇద్దరూ సెయింట్ లూసియా వాళ్ళే, ఇద్దరూ పుట్టింది జనవరి 23నే, పదిహేనేళ్ళ తేడాతో. మన ఒక మాదిరి పట్టణమంత జనాభా కూడా లేని దేశానికి రెండు నోబెళ్ళు. ఆ మూల ఒక పెద్ద చెట్టు, గొడుగులా కొమ్మలు చాపుకుని. వందల ఏళ్ళదంటారు. ఇక్కడ సమాన్ అంటారు. అమ్మ కింద కూర్చుని పైకి చూసి, "నిద్రగన్నేరు కదురా ఇది," అంది. అవును, నిద్రగన్నేరే. మన రోడ్ల పక్కన ఎప్పటినుంచో ఉన్నట్టు కనిపించే ఆ చెట్టు పుట్టిల్లు ఈ ప్రాంతపు నేలే. మనకి ఇక్కడినుంచే వచ్చింది.

ఆ చెట్టు కింద కూర్చుని నేను లూయిస్ గురించి ఆలోచించాను. 1954లో ఆయన రాసిన వ్యాసం అభివృద్ధి అర్థశాస్త్రానికి పునాదిరాయి లాంటిది. దాని సారం స్థూలంగా ఇది. పేద దేశాల్లో పొలాల మీద, చిల్లర పనుల మీద అవసరానికి మించి మనుషులు ఉంటారు. బతకడానికి సరిపోయేదానికంటే కాస్త ఎక్కువ కూలి ఇస్తే చాలు, పెట్టుబడికి ఎంతమంది కావాలంటే అంతమంది, అదే కూలికి దొరుకుతూనే ఉంటారు. ఒకచోట అయిపోతే పెట్టుబడి ఇంకోచోటి నుంచి మనుషుల్ని తెచ్చుకుంటుంది, లేదా తనే అక్కడికి పోతుంది. తల ఎత్తితే ఇళ్ళ కప్పుల మీదుగా మా ఓడ కనిపిస్తోంది, ఊళ్ళో అన్ని భవనాలకంటే ఎత్తుగా. దాని వెనక రాసి ఉన్న రేవు పేరు నసావు. యజమానులు ఒక దేశం, జెండా ఇంకో దేశం, పనిచేసేవాళ్ళు ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, ఇండియా. ఆయన సిద్ధాంతమే తేలుకుంటూ వచ్చి ఆయన పుట్టిన ఊరి రేవులో లంగరు వేసినట్టుంది. కోడ్ రాసి బతికే నేను కూడా అదే వ్యాసంలో ఇంకో పేరాలో ఉంటాను, కాస్త మెరుగైన కూలితో.

*

అక్కణ్ణుంచి మార్కెట్‌కి నడక కొద్ది నిమిషాలే. ఇక్కడ అమ్మ గైడ్, మేం టూరిస్టులం. చింతకాయలు, జాజికాయలు, దాల్చినచెక్క, అరటి గెలలు, లక్ష్మణఫలాలు. సీమపనస చూపించి ఇదేం చేస్తారని సైగలతో అడిగింది. అమ్మే ఆవిడ నిప్పుల మీద కాలుస్తాం అని సైగలతోనే చెప్పింది. ఆ సీమపనస కథ నాకు తెలుసు. బానిసలకి చవగ్గా తిండి పెట్టొచ్చని ఇంగ్లిష్‌వాళ్ళు దాన్ని పసిఫిక్ దీవుల నుంచి తెప్పించారు. కెప్టెన్ బ్లై మొదటి ప్రయత్నంలోనే 1789లో బౌంటీ ఓడ మీద తిరుగుబాటు జరిగింది. రెండో ప్రయత్నంలో 1793లో మొక్కలు కరీబియన్ చేరాయి. ఈ దీవుల్లో చెట్టుకీ మనిషికీ ఓడ రశీదు ఉంటుంది.

పక్కన బట్టల వరస. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గళ్ళ నూలు గుడ్డలు. తలపాగాలు, పావడాలు, బల్ల మీద పరిచేవి. సెయింట్ లూసియా ఆడవాళ్ళ జాతీయ వేషం ఈ గుడ్డతోనే కుడతారు. దాని పేరు ఇక్కడ "మద్రాస్". అమ్మేఆవిడ తన తలపాగాకున్న మొనలు చూపించి, ఎన్ని మొనలుంటే ఏమర్థమో చెప్పింది. పెళ్ళికానివాళ్ళకి ఒకటి, అయినవాళ్ళకి రెండు, ఇలా. ఒక్కో దీవిలో ఒక్కో లెక్కట. నాలుగు మొనలంటే ఎవరొచ్చినా సరే అనట. అది నేను తెలుగులో చెప్పేసరికి అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడా నవ్వింది.

తర్వాత అమ్మ ఆ గుడ్డని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "ఇవి మా ఇంట్లో నేసిన రుమాళ్ళ గళ్ళురా," అంది.

మా తాతయ్యది మగ్గం ఇల్లు. చీరాల, వేటపాలెం చుట్టూ నేసిన రుమాళ్ళు ఎక్కడెక్కడికో ఎగుమతయ్యేవి. నూనెలో నానబెట్టిన నూలుతో నేసిన తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలకి, "రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్" అన్న పేరుతో గళ్ళ రుమాళ్ళు పశ్చిమాఫ్రికాకి వెళ్ళేవి. నైజీరియాలో కలబారి వాళ్ళు వాటిని ఇప్పటికీ పెళ్ళిళ్ళలో, చావుల్లో వాడతారు. పేరుకి మద్రాసు గానీ, నేత తీరం పొడుగునా ఉన్న ఊళ్ళది. మచిలీపట్నంలో ఇంగ్లిష్ కంపెనీ 1611లోనే దుకాణం తెరిచింది ఈ బట్ట కోసమే.

ఇక్కడిదాకా మనసుకి హాయిగా ఉండే కథ. మనవాళ్ళ చేతిపని, సప్తసముద్రాల అవతల, ఒక జాతి వేషమై నిలిచింది. మిగతా సగం కూడా చెప్పాలి. 18వ శతాబ్దంలో ఐరోపా ఓడలు పశ్చిమాఫ్రికా తీరంలో మనుషుల్ని కొనేటప్పుడు బదులిచ్చిన సరుకుల్లో భారతీయ నూలు బట్టలది పెద్ద వాటా. మన తీరంలో నేసిన బేళ్ళు ఐరోపాకి, అక్కణ్ణుంచి ఆఫ్రికాకి వెళ్ళాయి. వాటికి మారుగా ఎక్కించిన మనుషులు ఈ దీవులకి వచ్చారు. తర్వాత వాళ్ళ తలకి చుట్టుకోవడానికి అదే రకం గుడ్డ వచ్చింది. నేసినవాళ్ళకి ఇదేమీ తెలిసే అవకాశం లేదు. వాళ్ళకి తెలిసింది దళారి, బయానా, అప్పు. అయినా ఆ లెక్కల పుస్తకంలో ఒక వరుసలో మన ఊళ్ళ పని ఉంది. బానిసత్వం పోయాక, 1859 నుంచి ఈ దీవి చెరకు తోటలకి మనుషుల్ని కూడా ఇండియా నుంచే కాంట్రాక్టు మీద తెచ్చారు. మొదట గుడ్డ, తర్వాత మనిషి.

నేను ఇదంతా అమ్మకి చెప్పాను. చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించే చెప్పాను. ఆవిడ గుడ్డ మడత పెడుతూ వింది. "నేసినోడికేం తెలుస్తుంది, ఎవరు కట్టుకుంటారో," అంది. కాసేపాగి, "కానీ వీళ్ళకి తెలియాలి కదా, ఇది ఎక్కడిదో," అంది. తర్వాత అమ్మేఆవిడ వైపు తిరిగి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, మగ్గం మీద నాడె ఆడించినట్టు చేతులు అటూ ఇటూ ఆడించి, "మై ఫాదర్" అంది. ఆవిడకి ఎంత అర్థమైందో నాకు తెలియదు. బేరం మాత్రం ఆడలేదు ఇద్దరూ.

*

ఆ రాత్రి గాజువాక అబ్బాయి పప్పు వడ్డిస్తూ అడిగాడు. "సెయింట్ లూసియాలో ఏం చూశారమ్మా?"

"చెట్టు, సంత," అంది అమ్మ. "నువ్వు?"

"నేను ఇక్కడికి ముప్పైసార్లు వచ్చుంటానండి. రేవు గేటు బయట వైఫై ఉన్న కొట్టొకటి ఉంది. అక్కడిదాకా తెలుసు."

అతని జాబితా వేరు. మధ్యాహ్నం లంచ్‌కీ డిన్నర్‌కీ మధ్య రెండు గంటల ఖాళీ దొరుకుతుంది. అయితే ఇక్కడ మధ్యాహ్నం రెండయితే గాజువాకలో రాత్రి పదకొండున్నర. పాప నిద్రపోతుంది. పొద్దున్న పదింటికి ఖాళీ దొరికితే అక్కడ ఏడున్నర, అన్నం తింటూ మాట్లాడుతుంది. కాబట్టి అతనికి మంచి దీవి అంటే పొద్దున్నపూట డ్యూటీ పడని దీవి. ఈ కాంట్రాక్టులో అది ఎక్కువగా ఆంటిగ్వాకి కుదురుతోందట. "ఆంటిగ్వా బాగుంటుందండి," అన్నాడు. నేను విన్న ఆంటిగ్వా వర్ణనల్లో 365 బీచ్‌ల కన్నా ఇదే గుర్తుండిపోయింది.

బార్బడోస్‌లో నాతో సహా భారతీయ ప్రయాణికులందరూ కెన్సింగ్టన్ ఓవల్‌కే వెళ్ళారు. 2024 జూన్ 29న ఇండియా దక్షిణాఫ్రికా మీద ఏడు పరుగులతో గెలిచి కప్పు ఎత్తిన చోటు. సూర్యకుమార్ క్యాచ్ పట్టిన తాడు ఎటువైపో అని వాదించుకుని, ఫోటోలు దిగి వచ్చేశాం. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు. అంత ఆనందానికి వ్యాఖ్యానం అక్కర్లేదు కూడా.

ఆఖరి రోజు సముద్రం మీద. ఓడ టీవీలో తర్వాతి ట్రిప్పుల ప్రకటనలు, అందులో ఎక్కువ భాగం కంపెనీల సొంత దీవుల గురించి. ఇది కొత్తేం కాదు. బహామాస్‌లో గోర్డా కే అనే దీవి 1998 నుంచి డిస్నీ ఓడలకి కాస్ట్‌అవే కే. లిటిల్ స్టిరప్ కే ఇప్పుడు రాయల్ కరీబియన్ వాళ్ళ కోకోకే, 2019లో వాటర్‌పార్క్‌తో సహా కొత్తగా తీర్చిదిద్దారు. అక్కడ సంత ఉండదు, గ్రంథాలయం ఉండదు, రేవు గేటు బయట కొట్టు ఉండదు. గేటుకి బయట అంటూ ఏమీ లేదు. జాబితా ముందు రాసుకుని, దానికి సరిపడా దీవిని తయారుచేసినట్టు. యాప్‌లో నాలుగు దీవులూ ఒకేలా ఎందుకు కనిపించాయో నాకప్పుడు అర్థమైంది. ఆ జాబితాకి దీవితో పనిలేదు.

అందుకని, బావగారూ, మీరు వచ్చే ఏడాది వెళ్తామంటున్నారు కాబట్టి, నా జాబితా ఇది. పిల్లలున్నారు, ఒక రోజు బీచ్‌కి వెళ్ళండి, ఆ నీళ్ళు నిజంగానే అంత నీలంగా ఉంటాయి. మిగతా రోజుల్లో ఒక్కో దీవికి ఒక్క పనే పెట్టుకోండి, అది రేవు నుంచి నడిచి వెళ్ళగలిగేదై ఉండాలి. ఓడలో టికెట్టు అమ్మనిదైతే మరీ మంచిది. ఆ దీవిలో పుట్టినవాళ్ళు రాసిన పుస్తకం ఒకటి, సన్నదైనా సరే, ముందే చదవండి. సంతలో చిల్లర డాలర్లు ఉంచుకోండి. ఒక అమెరికన్ డాలర్‌కి 2.70 ఈస్ట్ కరీబియన్ డాలర్లు, 1976 నుంచి అదే రేటు, లెక్క తేలిక. అత్తయ్యగారిని తప్పకుండా తీసుకెళ్ళండి, ఆవిడకి చెట్ల పేర్లు తెలుసు. వడ్డించేవాళ్ళని ఊరి పేరు అడగండి, వాళ్ళకి టైముంటేనే.

అమ్మ కొన్న గుడ్డ ఇప్పుడు వేటపాలెంలో ఉంది. మా మేనమామ ఒకప్పుడు మగ్గం నేసిన మనిషి. అమ్మ ఎక్కడిదో చెప్పకుండా చేతికిచ్చిందట. ఆయన అంచు తిప్పి చూసి, గోటితో పోగులు లెక్కపెట్టి, "గళ్ళు మనవే. నేత మాత్రం మరమగ్గానిది," అన్నాడట.